ఒకే పటంలో రెండు ఆకుపచ్చలు: డాపెల్‌మయర్ ఉత్తర ఖగోళ పటం పరిశీలన, సంరక్షణ

జర్మనీలో మేము నడుపుతున్న కాగితపు సంరక్షణ వర్క్‌షాప్‌కు ఒక సేకర్త తన దగ్గరున్న పెద్ద నక్షత్ర పటాన్ని పంపించారు. యోహాన్ గాబ్రియెల్ డాపెల్‌మయర్ రూపొందించిన 30 పటాలను న్యూరెంబర్గ్‌లోని హోమన్ వారసుల సంస్థ 1742లో ఖగోళ అట్లాసుగా వెలువరించింది. ఈ పటం అందులోని ఉత్తర ఖగోళార్ధానిది. ఎప్పుడో సంపుటి నుంచి విడదీసి, అద్దం వెనుక బిగించి, చాలాకాలం గోడకు వేలాడదీసినట్టు అంచుల మీది గోధుమరంగు చార చెబుతోంది. రాగి రేకు మీద చెక్కి, అచ్చువేసి, ఆ తర్వాత చేత్తో రంగులద్దిన పటం ఇది. అచ్చు భాగం సుమారు 48 సెంటీమీటర్ల ఎత్తు, 57 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది.

యజమాని మూడు పనులు అడిగారు. నడిమి మడత వెంబడి చీలిపోతున్న కాగితాన్ని నిలబెట్టాలి. గోధుమరంగుకు తిరిగిన ఆకుపచ్చను మళ్లీ పచ్చగా కనిపించేలా చేయాలి. అమ్మకపు పత్రంలో 'ప్రచురణ నాటి రంగు' అని రాసి ఉన్న మాట నిజమో కాదో తేల్చి చెప్పాలి. మేము మొదటి పని చేశాము, రెండోది చేయలేదు. మూడోదానికి జవాబు అవుననీ కాదనీ రెండుగా వచ్చింది, మరమ్మతు పద్ధతిని కూడా ఆ జవాబే నిర్ణయించింది. రంగు ఎప్పటిదన్న ప్రశ్నను చాలామంది ధరకు సంబంధించిన విషయంగా మాత్రమే చూస్తారు. కాగితాన్ని ముట్టుకునే ముందు దానికి సమాధానం తెలిసి ఉండాలన్నది నా అభిప్రాయం, ఈ పటాన్ని వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

పటం వెనుక ఉన్నవారు

డాపెల్‌మయర్ 1677లో న్యూరెంబర్గ్‌లో పుట్టి, 1704 నుంచి 1750లో మరణించేవరకు అక్కడి ఎగీడియన్ ఉన్నత పాఠశాలలో గణితం బోధించాడు. గొప్ప పరిశోధనలు చేసినవాడని చెప్పలేము గాని, ఇతరులు కనుగొన్నవాటిని సేకరించి, సరిచూసి, చదువుకున్న గృహస్థులకు అర్థమయ్యేలా ఒక్కో పటంలో అమర్చడంలో ఆయనకు సాటివచ్చినవారు తక్కువ. తన ఊరి గణితజ్ఞుల గురించి, కళాకారుల గురించి 1730లో ఆయన వెలువరించిన పెద్ద గ్రంథం నేటికీ ఆ నగరపు పరికర నిర్మాతల, చెక్కుడు పనివారల చరిత్రకు ఆధారంగా నిలుస్తోంది.

ప్రచురణకర్త యోహాన్ బాప్టిస్ట్ హోమన్ 1664లో పుట్టాడు. నోటరీ ఉద్యోగం చేస్తూ చెక్కుడు పని నేర్చుకుని, 1702లో సొంత సంస్థ పెట్టుకుని, 1715లో చక్రవర్తి ఆస్థాన భూగోళవేత్త బిరుదు పొందాడు. ఆయన 1724లో, కుమారుడు యోహాన్ క్రిస్టోఫ్ 1730లో చనిపోగా, ఆ తర్వాత సంస్థ 'హోమన్ వారసులు' అనే పేరుతో నడిచింది. ఖగోళ పటాల్లో కొన్ని 1742 అట్లాసు కంటే చాలా ముందే, హోమన్ బతికుండగానే సిద్ధమై ఆయన 1716 నాటి పెద్ద అట్లాసులో కూడా చేరాయి. కనుక పటం మీద హోమన్ పేరు కనిపించినంత మాత్రాన ఆ కాగితం ఆయన జీవితకాలంలో అచ్చయిందని అనుకోవడానికి వీల్లేదు. రాగి రేకు అరిగేదాకా అచ్చులు తీస్తూనే ఉంటారు, రేకు మీది పేరు మాత్రం మారకపోవచ్చు. ఆ సంస్థ పనిచేసిన భవనం ఫెంబోహౌస్ పేరుతో నేడు న్యూరెంబర్గ్ నగర మ్యూజియంగా ఉంది.

ఈ పటానికి రెండు ప్రత్యేకతలున్నాయి. మొదటిది, నక్షత్రాల స్థానాలను ధ్రువ నక్షత్రం చుట్టూ కాకుండా క్రాంతివృత్తాన్ని, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారిని అనుసరించి, 1730వ సంవత్సరాంతానికి లెక్కగట్టి చూపడం. అంటే వృత్తం మధ్యబిందువు మనకు అలవాటైన ఉత్తర ధ్రువం కాదు, క్రాంతివృత్త ధ్రువం. ఆ బిందువు డ్రాకో అనే మహాసర్ప రాశిలో పడుతుంది. అయన చలనం వల్ల నక్షత్రాల రేఖాంశం ఏడాదికి సుమారు 50 వికలల (వికల అంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున, అంటే దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. అక్షాంశం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. పంచాంగంలో అయనాంశ అనే మాట చూసినవారికి ఈ లెక్క కొత్తది కాదు. శీర్షికలోనే 1730 అని రాసుకోవడం వల్ల తర్వాతి తరంవారు ఆ సంవత్సరం నుంచి తేడాను కలుపుకుని పటాన్ని వాడుకోవచ్చు. రెండో ప్రత్యేకత, నాలుగు మూలల్లో నాలుగు వేధశాలల చిత్రాలు. హ్వీన్ ద్వీపంలో ఖగోళవేత్త టైకో బ్రాహే కట్టించిన ఉరానీబోర్గ్, డాన్‌జిగ్‌లో (నేటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్) తన ఇంటి కప్పుల మీద మరో ఖగోళవేత్త హెవేలియస్ ఏర్పాటు చేసుకున్న వేదిక వాటిలో ఉన్నాయి. రాశుల బొమ్మల విషయంలో కూడా డాపెల్‌మయర్ హెవేలియస్‌కు బాకీపడినవాడే. 1690లో వెలువడిన హెవేలియస్ అట్లాసుతో ప్రచారంలోకి వచ్చిన లింక్స్, వేట కుక్కలు, బల్లి వంటి కొత్త రాశులు ఈ వృత్తంలో దర్జాగా చోటుచేసుకున్నాయి.

న్యూరెంబర్గ్ వేధశాలను 1678లో కోట బురుజు మీద స్థాపించిన గియోర్గ్ క్రిస్టోఫ్ ఐమార్ట్ స్వయంగా చెక్కుడు పనివాడు. ఆయన కూతురు మారియా క్లారా ఐమార్ట్ దూరదర్శినిలో చూసిన చంద్రకళలను నీలం కాగితం మీద పాస్టెల్ రంగులతో వందల సంఖ్యలో చిత్రించింది. ఆమె 1676లో పుట్టి 1707లో చనిపోయింది. అంటే వయసులో డాపెల్‌మయర్‌కు ఇంచుమించు ఈడు. ఆ నగరంలో ఆకాశాన్ని చూసే కళ్లూ, రేకు చెక్కే చేతులూ, రంగులద్దే కుంచెలూ ఒకరికొకరు తెలిసిన కుటుంబాలవే. ఖగోళ పటాల నాణ్యతకు కారణం వెతికేటప్పుడు నేను సంస్థ పేరు కంటే ముందు ఈ చిన్న ప్రపంచాన్నే గుర్తుచేసుకుంటాను.

రంగు పని మాత్రం ఎవరు చేశారో పేర్లు మిగలలేదు. పటాలు నలుపు సిరాతో అచ్చయి బయటికి వస్తాయి. ఆ తర్వాత కూలికి పనిచేసే రంగులవాళ్లు కాగితానికి అవసరమైతే పటిక నీళ్లు పట్టించి, తుమ్మ బంకలో కలిపిన పలచని రంగులను కుంచెతో పరుస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రియాస్ సెల్లారియుస్ 1660లో ప్రచురణకర్త యాన్సోనియుస్ ద్వారా ప్రచురించిన 29 పటాల అట్లాసును కొనుగోలుదారు స్తోమతను బట్టి బంగారు పూతతో సహా నిండుగా రంగులు వేయించుకునేవారు. న్యూరెంబర్గ్ వాడుక వేరు. హోమన్ పటాలకు రంగుల పద్ధతిని హాంబుర్గ్‌కు చెందిన పాఠశాల గురువు యోహాన్ హ్యూబ్నర్ సూచనల ప్రకారం క్రమబద్ధం చేశారు. పటం లోపలి భాగాలను వేరువేరు పలచని పూతలతో గుర్తించి, శీర్షిక చుట్టూ ఉన్న అలంకారాలనూ మూలల చిత్రాలనూ చాలావరకు రంగు లేకుండా వదిలేసేవారు. ఆ చిత్రాల్లో నీడలన్నీ గీతల సాంద్రతతోనే సిద్ధించాయి కాబట్టి పైన పూత వేస్తే పెరిగేది ఏమీ లేదని నాకు అనిపిస్తుంది. ఖర్చు తగ్గడం కూడా ఒక కారణమే అయి ఉండాలి.

మా ముందున్న పటంలో వృత్తం లోపల రాశుల బొమ్మలకు పలచని ఆకుపచ్చ, పసుపు, గులాబీ పూతలు ఉన్నాయి. నాలుగు మూలల్లో వేధశాలల చుట్టూ నీలాకాశం, ఎర్రని ఇంటికప్పులు, మెరిసే పచ్చని చెట్లు ఉన్నాయి. మొదటి చూపులోనే అనుమానం మూలల మీదికి పోయింది. కాని వాడుకకు భిన్నంగా ఉన్నంత మాత్రాన అది తర్వాతి కాలపు రంగు అని తీర్పు చెప్పకూడదు. ప్రత్యేకంగా డబ్బిచ్చి మూలలకు కూడా రంగు వేయించుకున్న కొనుగోలుదారు 1742లోనే ఉండి ఉండవచ్చు.

రెండు ఆకుపచ్చల సాక్ష్యం

యంత్రాల దగ్గరికి పోకముందు కంటితో, పక్కవాటు వెలుతురుతో, భూతద్దంతో దొరికే సాక్ష్యమే ఎక్కువగా నమ్మదగినదని నా అనుభవం. అట్లాసులో ఈ పటం మధ్యకు మడిచి ఉండేది. మడత గీత సరిగ్గా వృత్తం నడుమ నుంచి, అంటే డ్రాకో శరీరం మీదుగా పోతుంది. డ్రాకో చుట్టలకు రంగులవాడు ముదురు ఆకుపచ్చ పరిచాడు. పుస్తకం మూసి ఉన్న కాలంలో ఎడమవైపు ఆకుపచ్చ కుడివైపు కాగితం మీద, కుడివైపుది ఎడమవైపు కాగితం మీద అద్దంలో ప్రతిబింబంలాగా గోధుమరంగు మచ్చలు దింపింది. కాగితం వెనుక కూడా అదే ఆకారంలో గోధుమరంగు ఊరింది. ఇలా ఊరడానికి పటం సంపుటిలో కుట్టి ఉన్న స్థితిలో దశాబ్దాలు గడవాలి. మూలల్లోని పచ్చని చెట్లకు మాత్రం ఎదుటి మూలలో ప్రతిబింబం లేదు, కాగితం వెనుక మచ్చ కూడా లేదు. మూలల రంగు పటం సంపుటి నుంచి విడిపోయాక పడిందనడానికి ఇది మొదటి ఆధారం.

రెండో ఆధారం పురుగు ఇచ్చింది. పుస్తకపు పురుగు తొలిచిన సన్నని రంధ్రాలు ఈ కాగితంలో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి వృత్తం లోపల సింహరాశి పసుపు పూత గుండా, మరొకటి కుడివైపు కింది మూలలో నీలాకాశం గుండా పోతున్నాయి. సూక్ష్మదర్శిని కింద మొదటి రంధ్రం అంచు చూస్తే, పసుపు పూత అంచుదాకా వచ్చి కత్తిరించినట్టు ఆగిపోయింది, లోపలి నారలు తెల్లగా ఉన్నాయి. రెండో రంధ్రంలో అలా కాదు. నీలం అంచు దాటి రంధ్రం గోడల్లోకి దిగి, తెగిన నారల కొసలకు కూడా పట్టింది. రంధ్రం ముందు ఉండి, తడి కుంచె దాని మీదుగా వెళితే తప్ప నీలం అక్కడికి చేరదు. అంటే పసుపు పురుగుకు ముందుది, నీలం పురుగుకు తర్వాతిది. ఏ పరికరమూ ఇంత తేటగా వరస చెప్పలేదు.

అతినీల లోహిత కాంతిలో వృత్తం లోపలి కాగితం, తడిని పీల్చకుండా తయారీలోనే పట్టించిన జెలటిన్ పూత వల్ల లేత నీలంగా, ఒకే తీరుగా వెలిగింది. మూలల్లో ఆ వెలుగు మసకబారింది. జెలటిన్ బలహీనపడిన కాగితం మీద నీటిరంగు వేస్తే అది పైన నిలవకుండా నారల్లోకి పాకుతుంది. మూలల నీలం గీతల హద్దులు దాటి వెంట్రుకల్లాంటి కొసలతో పాకినట్టు భూతద్దంలోనే కనిపించింది. వృత్తంలోని పూతలకు మాత్రం అంచులు శుభ్రంగా ఉన్నాయి, పూత ఎండేటప్పుడు అంచున చేరే సన్నని ముదురు గీత కూడా అలాగే ఉంది.

వరస తేలాక కాలం తేల్చాలి. ఇక్కడ తొందరపడితే పొరపాటు జరిగే చోట్లు రెండున్నాయి. నీలాన్ని చూడగానే ప్రష్యన్ నీలం అని, అది కొత్త రంగు అని చాలామంది అంటారు. ప్రష్యన్ నీలం 18వ శతాబ్దపు తొలి దశాబ్దంలో బెర్లిన్‌లో తయారై, 1724లో దాని తయారీ విధానం ప్రచురితమైంది. కాబట్టి 1742 పటం మీద అది ఉండడంలో వింత లేదు, దాన్ని బట్టి ఏదీ నిర్ణయించలేము. అందువల్ల మేము ఆకుపచ్చల మీదికి దృష్టి మళ్లించాము.

ఎక్స్ కిరణ ప్రతిదీప్తి పరికరంతో, అంటే రంగు పదార్థాన్ని గీకకుండా అందులోని మూలకాలను చదివే యంత్రంతో, రెండు ఆకుపచ్చలనూ కొలిచాము. కిరణం కాగితాన్ని దాటి కిందిదాన్ని కూడా చదువుతుంది కనుక రంగు లేని అంచు దగ్గర విడిగా కొలిచి, ఆ విలువను తీసివేయడం తప్పనిసరి. డ్రాకో ఆకుపచ్చలో రాగి బలంగా కనిపించింది, ఆర్సెనిక్ లేదు. మూలల చెట్ల ఆకుపచ్చలో రాగితోపాటు 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణ శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర ఒక శిఖరం వచ్చింది. ఇది రెండో పొరపాటుకు తావిచ్చే చోటు. ఆర్సెనిక్ ముఖ్య రేఖ, సీసపు ముఖ్య రేఖ రెండూ దాదాపు అక్కడే పడతాయి. సీసంతో చేసే సఫేదా గాని సీస సింధూరం గాని కలిసిన రంగును ఆర్సెనిక్ అని పొరబడడానికి, ఆర్సెనిక్‌ను సీసమని కొట్టిపారేయడానికి సమానంగా అవకాశం ఉంది. అందుకే 11.7 దగ్గర ఆర్సెనిక్ రెండో రేఖను, 12.6 దగ్గర సీసపు రెండో రేఖను విడివిడిగా చూడాలి. మాకు 11.7 దగ్గర రేఖ స్పష్టంగా దొరికింది, 12.6 దగ్గర ఏమీ లేదు. ఆ తర్వాత, లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి పదార్థాన్ని గుర్తించే రామన్ వర్ణపట పరీక్షలో మూలల ఆకుపచ్చ ఎమరాల్డ్ గ్రీన్ అని, అంటే రాగి, ఆర్సెనిక్, సిర్కా (వెనిగర్) ఆమ్లం కలిసిన సమ్మేళనమని ఖాయమైంది. నీలం కృత్రిమ అల్ట్రామెరీన్ అని కూడా తేలింది.

ఎమరాల్డ్ గ్రీన్ 1814లో బవేరియాలోని ష్వైన్‌ఫుర్ట్‌లో పెద్ద ఎత్తున తయారు కావడం మొదలైంది. కృత్రిమ అల్ట్రామెరీన్ 1828 ప్రాంతంలో వచ్చింది. ఆర్సెనిక్ విషమని జనానికి బాగా తెలిసొచ్చి 19వ శతాబ్దం చివరికి ఆ ఆకుపచ్చ వాడకం తగ్గిపోయింది. మూలల మీది రంగు 1828 తర్వాత, బహుశా 19వ శతాబ్దం ముగియకముందే పడిందని మేము నివేదికలో రాశాము. లండన్‌లో 1820ల నడుమ 32 నక్షత్ర కార్డులను చేత్తో రంగులు వేసి పెట్టెల్లో అమ్మారు, ఆ అభిరుచి సాగుతున్న కాలం అది. రంగుల ఆకాశం ఇంటి గోడకూ బల్లకూ అలంకారమైన రోజులు. పాత అట్లాసు విప్పి, ఒక్కో పటానికి 'నిండుదనం' తెచ్చి అమ్మిన వ్యాపారి ఎవరో మనకు అక్కర్లేదు. ఆయన చేతి పని ఇప్పుడు తక్కువలో తక్కువ 120 ఏళ్ల పాతది.

డ్రాకో ఆకుపచ్చ రాగి చిలుము. రాగి రేకులను సిర్కా ఆవిరికి పెట్టి, పైన పట్టిన చిలుమును గీకి బంకలో కలుపుతారు. వేసిన కొత్తలో మహా అందంగా ఉంటుంది. తర్వాత తేమ తగిలినప్పుడల్లా రాగి అయాన్లు కాగితపు సెల్యులోజ్ గొలుసులు తెగిపోవడాన్ని వేగపరుస్తాయి. ఆకుపచ్చ కాస్తా గోధుమరంగవుతుంది, కాగితం పెళుసెక్కి ముక్కలవుతుంది. ఈ పటంలో రసాయనంగా అన్నిటికంటే బలహీనమైన రంగు, యాంత్రికంగా అన్నిటికంటే బలహీనమైన మడత మీద పడింది. క్రాంతివృత్త ధ్రువం డ్రాకోలో ఉండడం, కాగితాన్ని నడిమికి మడవడం, రంగులవాడు సర్పానికి పచ్చ వేయాలనుకోవడం, ఈ మూడూ ఒకే గీత మీద కలిశాయి. ఉత్తర ధ్రువం మధ్యలో ఉండేలా గీసిన పటమైతే మడత మీద డ్రాకో ఇంతగా పడేది కాదు.

చేయదలచినవి, చేయకూడనివి

ఇది తెలిశాక యజమాని నుంచి కొత్త కోరిక వచ్చింది. మూలల రంగు తర్వాతిదైతే దాన్ని తీసేసి, పటాన్ని 1742లో న్యూరెంబర్గ్ నుంచి బయటికి వచ్చిన రూపానికి తీసుకురావచ్చు కదా అన్నారు. అడగడం సహజమే. మూలలు నలుపు తెలుపులో ఉంటే విలువ పెరుగుతుందని ఆయనకు ఎవరో చెప్పారు కూడా.

మేము ఒప్పుకోలేదు. ఆ నీలం, ఆకుపచ్చ నారల్లోకి పాకాయి. వాటిని లాగాలంటే నీరు కావాలి. ఒకే కాగితంలో ఒక మూల నీటితో తడిస్తే తేమ పక్కకు నడుస్తుంది, వృత్తంలోని రాగి అయాన్లను కదిలించి ఇప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న కాగితంలోకి చేరుస్తుంది. ఆర్సెనిక్ కలిసిన కడుగు నీటిని ఏం చేయాలన్నది వేరే సమస్య. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ రంగు కూడా ఈ పటం బతుకులో భాగమే. ఒక శతాబ్దపు అభిరుచిని మరో శతాబ్దపు అభిరుచి కోసం తుడిచిపెట్టే హక్కు సంరక్షకుడికి ఉందని నేను నమ్మను. తుడిచినా మూలల్లో మిగిలేది 1742 నాటి తెల్లని కాగితం కాదు, నీలం మరక దిగిన కాగితం.

గోధుమరంగైన ఆకుపచ్చను పచ్చగా చేయడం కూడా ఇదే తీరు. చిలుము మారిపోయిన రసాయన స్థితి వెనక్కి రాదు. దాని మీద కొత్త పచ్చ పరిస్తే అది మూడో ఆకుపచ్చ అవుతుంది, రేపు ఎవరో మళ్లీ వరస తేల్చుకోవలసి వస్తుంది. యజమాని దీనికి త్వరగానే అంగీకరించారు.

మరమ్మతు

పాత కాగితపు పటమనగానే నీటి తొట్టెలో ముంచి ఆమ్లత్వం కడిగే పద్ధతి చాలామందికి గుర్తొస్తుంది. చిలుము ఉన్న కాగితానికి అది చేటు. అందుచేత శుభ్రం చేయడాన్ని రంగు లేని అంచులకే పరిమితం చేసి, మెత్తని కుంచెతో, పొడి రబ్బరు స్పాంజితో ధూళి తీశాము. వృత్తం లోపల కుంచె కూడా తాకించలేదు.

చీలికలకు వెనుక నుంచి ఆసరా ఇవ్వాలి. గోధుమ పిండి జిగురు బలమైనదే గాని తడి ఎక్కువ. కాబట్టి చదరపు మీటరుకు 5 గ్రాములకు మించని జపాన్ టిష్యూ కాగితానికి ముందుగానే ఆల్కహాలులో కరిగే జిగురైన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ పూత పూసి, ఆరబెట్టి, సన్నని పట్టీలుగా చింపి, ఇథనాల్‌తో పూతను మేల్కొలిపి అతికించే పద్ధతి ఎంచుకున్నాము. ఇథనాల్‌లో రాగి అయాన్లు నీటిలో కదిలినట్టు కదలవు, ఆరడం కూడా క్షణాల్లో జరుగుతుంది. ఈ పద్ధతికి ఒక చిక్కు ఉంది, అది ఈ పటంలో ఎదురైంది. వృత్తంలోని పసుపు గాంబోజ్, అంటే గార్సీనియా జాతి చెట్ల నుంచి కారే బంక, రెజిన్ కలిసిన రంగు. దాని రెజిన్ భాగం ఆల్కహాలులో కరుగుతుంది. డ్రాకో పక్కనున్న కొన్ని బొమ్మల్లో పసుపు ఆకుపచ్చను ఆనుకుని ఉంది. ఒకచోట రెండూ కలిపి వేసినట్టు కూడా ఉంది. ఊడిపోబోతున్న చిన్న ముక్క వెనుక వైపు, పసుపు దాకా రాని చోట, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఇథనాల్ తాకించి పరీక్షించాము. ముందువైపుకు ఏమీ దిగలేదు.

అయినా పసుపు ఆనుకున్న చోట ఇథనాల్‌ను నమ్ముకోలేదు. అక్కడ జెలటిన్ పూసిన టిష్యూను, తేమ పీల్చిన అద్దుడు కాగితం మీద కొద్దిసేపు ఉంచి, పూత జిగటబారగానే తీసి అతికించి, వెంటనే పొడి అద్దుడు కాగితాల మధ్య చిన్న బరువు కింద పెట్టాము. దీనిలో కాగితానికి అందే నీరు చాలా స్వల్పం. ఒకే చీలికకు రెండు రకాల పట్టీలు వాడడం అందంగా ఉండదని ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. పటం వెనుక వైపు అందం కంటే ముందువైపు పసుపు ముఖ్యమని నేను పట్టుపట్టాను. ఊడిన ముక్కలను వాటి స్థానాల్లో నిలిపేటప్పుడు వంకర సర్పం ఒంటి మీది పొలుసుల గీతలే దారి చూపాయి. చెక్కుడు గీత ఒక చివర ఆగి మరో చివర మొదలయ్యే తీరులో తప్పుకు తావు లేదు.

పూర్తిగా లేకుండా పోయిన చోట్ల మాత్రం లేత గోధుమరంగు కాగితం గుజ్జుతో తయారుచేసిన అతుకులు వేశాము. వాటి మీద గీతలు గీయలేదు, నక్షత్రాలు పెట్టలేదు. కొంచెం దూరం నుంచి చూస్తే కన్ను ఆగదు, దగ్గరికి వస్తే ఏది పాతది ఏది కొత్తది అని తెలుస్తుంది. మడతను పూర్తిగా చదును చేసే ప్రయత్నం కూడా చేయలేదు. పటం అట్లాసులో మడిచి ఉండేదన్నదానికి మిగిలిన ముఖ్యమైన గుర్తు ఆ మడతే, దాని మీద బలప్రయోగం చేస్తే కొత్త చీలికలు వస్తాయి.

భద్రపరచడం, రాతపూర్వక నమోదు

పటం ఇప్పుడు ఆమ్లం లేని దళసరి అట్టల మధ్య, జపాన్ కాగితపు చిన్న పట్టీల ఆధారంతో నిలబడి ఉంది. తేమ 50 శాతం దాటని గదిలో ఉంచమని, ప్రదర్శించేటప్పుడు వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదని, ఏడాదిలో ఎక్కువ కాలం చీకటిలో ఉండాలని యజమానికి రాసిచ్చాము. తేమ మీది ఆంక్ష చిలుము కోసం, వెలుతురు మీది ఆంక్ష గాంబోజ్, గులాబీ పూతల కోసం. వాటిలో చిలుముదే ఎక్కువ తొందర. ఆంధ్ర, తెలంగాణలలో ఇలాంటి పటాలు ఉన్నవారు తీరప్రాంతపు వానాకాలంలో వాటిని ఏసీ లేని గదిలో గోడకు ఆనించి ఉంచకుండా ఉండడం మంచిది. రాగి కలిసిన ఆకుపచ్చ మన సముద్రపు గాలికి ఐరోపా గదుల్లో కంటే చాలా త్వరగా పాడవుతుంది.

మూలల్లో ఆర్సెనిక్ ఉందన్న హెచ్చరికను అట్ట వెనుక, పెట్టె మీద కూడా అంటించాము. నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా ఆ భాగాలను ముట్టుకోకూడదు, పొడి కుంచెతో దులపకూడదు. గోడకు వేలాడే పటం వల్ల ఇంట్లోవారికి ప్రమాదమని భయపడనక్కర్లేదు గాని, రంగు పొరలు రాలే స్థితికి వస్తే వర్క్‌షాప్‌కు తెప్పించాలి.

అమ్మకపు పత్రంలోని ఒక్క వాక్యం స్థానంలో నివేదికలో మేము రాసిన వివరణ ఇది: వృత్తంలోని పూతలు పటం అట్లాసులో ఉన్న కాలానివి, ప్రచురణ నాటివని భావించడానికి తగిన ఆధారాలున్నాయి. మూలల్లోని వేధశాలల మీది పూతలు పటం విడిపోయాక, 1828 తర్వాత వేసినవి. రెండింటి ఛాయాచిత్రాలు, వర్ణపట పట్టికలు, పురుగు రంధ్రాల సూక్ష్మచిత్రాలు జతచేశాము. ఈ వివరణ వల్ల ధర తగ్గుతుందని యజమాని కొంత నొచ్చుకున్నారు. తర్వాత ఆయన దక్షిణ ఖగోళార్ధపు జోడీ పటాన్ని కొనాలనుకున్నప్పుడు, అమ్మేవారిని ముందుగా అడిగిన ప్రశ్న మూలల్లోని ఆకుపచ్చలో ఆర్సెనిక్ ఉందో లేదో పరీక్షించారా అని. ఆ పటం ప్రస్తుతం మా బల్ల మీద ఉంది. దాని మూలలకు రంగు లేదు, మడత మీద చీలిక కూడా లేదు.